ఒక చెట్టుకు 43 మొక్కలు: బిలాస్‌పూర్ అడవి లెక్కలో ఏం తప్పిపోయింది?

2024 జులైలో కేంద్ర పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్ రాజ్యసభలో కొన్ని అంకెలు చెప్పారు. ఛత్తీస్‌గఢ్‌లోని హస్‌దేవ్ అరణ్యంలో పర్సా ఈస్ట్–కేతే బాసన్ బొగ్గు గని కోసం అప్పటిదాకా 94,460 చెట్లు కొట్టేశారు. రానున్న ఏళ్లలో మరో 2,73,757 చెట్లు కొట్టాలి. దానికి బదులుగా 53,40,586 మొక్కలు నాటారు. వాటిలో 40,93,395 బతికాయి. ఇవి రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి ఇచ్చిన లెక్కలు.

భాగహారం చేస్తే కొట్టిన ప్రతి చెట్టుకూ 43 మొక్కలు బతికినట్టు. కాగితం మీద ఇంతకంటే లాభసాటి బేరం ఉండదు. అయినా హస్‌దేవ్ గ్రామాల వాళ్లు పదేళ్లకు పైగా ఆందోళన చేస్తూనే ఉన్నారు. 2021 అక్టోబరులో సుమారు 300 కిలోమీటర్లు నడిచి రాయ్‌పూర్ వెళ్లారు. ఒక చెట్టు పోతే 43 వస్తాయంటే ఎందుకు ఒప్పుకోవడం లేదు? దీన్ని మొండితనం అనో, అభివృద్ధి వ్యతిరేకత అనో కొట్టిపారేయడం తేలిక. ఆ గ్రామాల్లో ఏడాది పొడవునా ఏ నెలలో ఏ చెట్టు కింద ఏం ఏరుకుంటారో చూస్తే, ఈ భాగహారం ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

మూడు ఆఫీసుల ఊరు

ఈ అడవుల భవిష్యత్తు చాలావరకు తేలేది బిలాస్‌పూర్‌లో. బొగ్గు మోసే ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే. కోల్ ఇండియా అనుబంధ సంస్థ సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఇక్కడే. గనుల అనుమతుల మీద, అటవీ హక్కుల మీద కేసులు నడిచే రాష్ట్ర హైకోర్టూ ఇక్కడే. బొగ్గు తవ్వేవాళ్లు, దాన్ని తరలించేవాళ్లు, తగవు తీర్చేవాళ్లు ఒకే ఊరిలో ఉండటం దేశంలో అరుదు.

తెలుగువాళ్లకు ఈ ఊరు పరాయిది కాదు. నాగ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ప్రధాన మార్గం 1891లో తెరుచుకుంది. తర్వాత ఉత్తరాంధ్ర తీరం వెంట వెళ్లే లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయింది. ఆ దారుల్లోనే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు రైల్వే కొలువుల కోసం బిలాస్‌పూర్ చేరాయి. రైల్వే కాలనీల్లో తెలుగు ఇప్పటికీ వినబడుతుంది.

ఆ రైలు పట్టాలు నిలబడింది కూడా ఈ అడవి మీదే. ఒక మైలు పట్టాకు 1,760 నుంచి 2,000 దాకా చెక్క స్లీపర్లు కావాలి. గట్టిదనంలో, చెదలను తట్టుకోవడంలో పేరున్న సాల్ కలపను అందుకు విరివిగా వాడారు. మన భాషలో అది గుగ్గిలం చెట్టు. సంస్కృతంలో సాల వృక్షం, ఛత్తీస్‌గఢీలో సరై. ఇప్పుడు స్లీపర్లు కాంక్రీటువి. రైల్వేకు ఈ చెట్టుతో నేరుగా పనిలేదు. ఆ చెట్టు వేళ్ల కింద ఉన్న బొగ్గుతో మాత్రం పని పెరిగింది.

ఏ అడవి ఇది?

దట్టమైన అడవి కనబడితే వర్షారణ్యం అనేయడం మనకు అలవాటు. బిలాస్‌పూర్ చుట్టూ ఉన్నది ఏడాదంతా వాన కురిసే అడవి కాదు. నాలుగు నెలల వాన, మిగతా కాలం ఎండ మీద బతికే ఆకురాల్చే అడవి. గుగ్గిలం దీనికి పెద్ద దిక్కు. తోడుగా మద్ది, ఇప్ప, తునికి, మోదుగ, వెదురు ఉంటాయి.

ఊరికి వాయవ్యంగా అచానక్‌మార్ ఉంది. 1975లో అభయారణ్యమైంది. 2009లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 914 చదరపు కిలోమీటర్లు. దీన్ని కలుపుకుని మధ్యప్రదేశ్‌లోకి విస్తరించిన అచానక్‌మార్–అమర్‌కంటక్ జీవావరణ ప్రాంతం 2012లో యునెస్కో జాబితాకెక్కింది. ఈశాన్యంగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో హస్‌దేవ్ అరణ్యం ఉంది. కోర్బా, సర్గుజా, సూరజ్‌పూర్ జిల్లాల్లో దాదాపు 1,70,000 హెక్టార్లు. కింద 500 కోట్ల టన్నులకు పైగా బొగ్గు ఉందని అంచనా. ఒక అడవిని పులి పేరుతో కాపాడుతున్నారు, రెండోదాన్ని బొగ్గు పేరుతో తవ్వుతున్నారు. మొక్కల పరంగా రెండూ దగ్గరి చుట్టాలే.

అడవి పంచాంగం

ఈ అడవిలో బతికేవాళ్లకు చెట్లు ఒక పంచాంగం లాంటివి. వసంతంలో గుగ్గిలం పూసినప్పుడు ఉరాంవ్ ఆదివాసులు సర్హుల్ పండుగ చేసుకుంటారు. మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారకముందే ఇప్పపూలు రాలతాయి. వాటిని ఏరి, ఎండబెట్టి అమ్ముతారు, కొంత ఇంటికి ఉంచుకుంటారు. ఆదిలాబాద్ గోండు గూడేలు తెలిసినవాళ్లకు ఈ పని కొత్తగా చెప్పక్కర్లేదు.

ఎండలు ముదిరాక తునికాకు. ఛత్తీస్‌గఢ్‌లో 12 లక్షలకు పైగా కుటుంబాలు ఈ ఆకు కోస్తాయి. 50 ఆకులు ఒక కట్ట, 1,000 కట్టలు ఒక ప్రామాణిక సంచి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం సంచి రేటును 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. అంటే ఆకుకు 11 పైసలు. ఎంత తక్కువైనా, పొలం పనులు లేని మండు వేసవిలో చేతికొచ్చే నగదు ఇదే. విత్తనాలకు, పిల్లల చదువుకు ఈ డబ్బే ఆధారం.

అదే కాలంలో సార చెట్టు కాస్తుంది. తెలంగాణలో మొర్రి పండ్లంటాం. మన స్వీట్లలో పడే సారపప్పు దాని గింజలోంచి వచ్చేదే. జూన్‌లో గుగ్గిలం గింజ రాలుతుంది. దాని నూనెకు సబ్బుల పరిశ్రమలో గిరాకీ ఉంది. తొలి వానలకు, ఉరుములకు గుగ్గిలం చెట్ల కింద నేల పగిలి, గుండ్రటి గోలీల్లాంటి పుట్టగొడుగులు బయటపడతాయి. బస్తర్‌లో వాటిని బోడా అంటారు, ఉత్తర ఛత్తీస్‌గఢ్‌లో పుటు అంటారు. సంతకు వచ్చిన తొలి రోజుల్లో మాంసం కంటే ఎక్కువ ధర పలుకుతాయి.

అటుపైన కరక్కాయ, తానికాయ, ఉసిరి, నల్లజీడి, మోదుగ మీద పెంచే లక్క. ఏడాది పొడవునా విస్తళ్లకు మాహుల్ తీగ ఆకులు. ఆ తీగనే మన అరకు, పాడేరు వైపు అడ్డాకు అంటారు. అల్లూరి సీతారామరాజు జిల్లా సంతల్లో అడ్డాకు కట్టలు అమ్మే మహిళ, సర్గుజా సంతలో మాహుల్ దొప్పలు అమ్మే మహిళ చేసేది ఒకే పని.

వీటి విలువ ప్రభుత్వానికి తెలియదని చెప్పలేం. కనీస మద్దతు ధరకు కొనే అటవీ ఉత్పత్తుల సంఖ్యను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఏడు నుంచి 65కు పెంచింది. చిక్కల్లా, అవే ఉత్పత్తులను ఇచ్చే నేలను గనికి అప్పగించేటప్పుడు ఆ 65 పేర్లు ఫైలులో కనబడవు. అక్కడ చెట్ల సంఖ్య, హెక్టార్లు మాత్రమే ఉంటాయి.

నర్సరీకి లొంగని చెట్టు

చెట్టుకు చెట్టు నాటితే సరిపోతుందన్న వాదనకు అడ్డొచ్చే మొదటి సాక్షి గుగ్గిలమే. దీని గింజకు ఆయువు వారం, పది రోజులు. రాలగానే తడి నేల దొరికితే మొలుస్తుంది, లేకపోతే చచ్చిపోతుంది. టేకు గింజలా సంచుల్లో నిల్వ చేసి, వచ్చే ఏడాది నర్సరీలో చల్లడం కుదరదు. గింజ పక్వానికి వచ్చే వారం, రుతుపవనం వచ్చే వారం కలిసిరావాలి.

మొలిచాక కూడా కథ అయిపోదు. పైన కనబడే పిలక ఎండకు, మంటకు, మంచుకు ఏటేటా చచ్చిపోతుంది. కింద వేరు మాత్రం బతికే ఉండి లావెక్కుతుంది. కొన్నేళ్లు, ఒక్కోసారి దశాబ్దం పైగా అలా గడిచాక ఒక పిలక నిలదొక్కుకుని మానుగా ఎదుగుతుంది. మూడేళ్లకో అయిదేళ్లకో బతికిన మొక్కలను లెక్కించి ముగించే పథకంలో ఇలాంటి చెట్టుకు చోటుండదు. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ వైపు 1920ల నుంచి నేరుగా విత్తి గుగ్గిలం పెంచిన సందర్భాలున్నాయి. అక్కడ కూలీలను అడవిలోనే కాపురం పెట్టించి, ఏళ్ల తరబడి కాపలా కాయించారు. గుత్తేదారు వచ్చి గోతులు తవ్వి, మొక్కలు పెట్టి వెళ్లిపోయే పని అది కాదు.

పుట్టగొడుగు సంగతి ఇంకా చిక్కు. పుటు గుగ్గిలం వేళ్లను అల్లుకుని బతికే శిలీంధ్రం. చెట్టు నుంచి అది చక్కెర తీసుకుంటుంది, బదులుగా నేలలోని పోషకాలు, నీరు అందిస్తుంది. ఈ బంధం లేకుండా దాన్ని షెడ్డులో పెంచలేం. గని కోసం పైమట్టి ఎత్తేసినప్పుడు చెట్టుతో పాటు ఈ అల్లిక కూడా పోతుంది. నాటిన 53 లక్షల మొక్కల లెక్కలో దీనికి గడి లేదు, కొట్టిన 94 వేల చెట్ల లెక్కలోనూ లేదు.

చట్టం కన్నుకు కనబడేది

దేశంలో అడవి విస్తీర్ణాన్ని కొలిచే ఫారెస్ట్ సర్వే దృష్టిలో, ఒక హెక్టారు మించిన స్థలంలో చెట్ల గొడుగు పది శాతం దాటితే అది అడవి. అక్కడ ఏ చెట్టు ఉంది, ఆ నేల ఎవరిది అన్నదాంతో పనిలేదు. గుగ్గిలం అడవి పోయి యూకలిప్టస్ తోట వచ్చినా పచ్చరంగు తగ్గదు. రాష్ట్రంలో 40 శాతానికి పైగా అడవి ఉందన్న ఛత్తీస్‌గఢ్ గణాంకం ఈ కొలత నుంచి వచ్చిందే.

పరిహార వనీకరణ నియమమూ ఇలాంటిదే. గనికి ఇచ్చిన అటవీ భూమికి బదులు అంతే విస్తీర్ణం అటవీయేతర భూమిలో, లేదా రెట్టింపు విస్తీర్ణం క్షీణించిన అడవిలో మొక్కలు నాటాలి. అది ఎక్కడైనా కావచ్చు. గ్రేట్ నికోబార్‌లో పోయే అసలైన వర్షారణ్యానికి పరిహారంగా హర్యానాలో మొక్కలు నాటే ఏర్పాటు ఈ నియమం నుంచి పుట్టిందే. హస్‌దేవ్‌లో ఇప్పచెట్టు పోయిన కుటుంబానికి, మరో జిల్లాలో నాటిన మొక్క ఇరవై ఏళ్లకు పూత పూసినా అందేది ఏమీ లేదు.

2006 అటవీ హక్కుల చట్టం ఈ లోటును పూడ్చడానికే వచ్చింది. అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం, అడవిని సామూహికంగా కాపాడుకుని వాడుకునే హక్కు గ్రామసభలకు ఇచ్చింది. సర్గుజా జిల్లాలోని ఘాట్‌బర్రా గ్రామానికి 2013లో సామూహిక హక్కు పత్రం అందింది. 2016 జనవరిలో జిల్లా యంత్రాంగం దాన్ని రద్దు చేసింది. గ్రామస్తులు ఆ హక్కును అడ్డం పెట్టుకుని గని పనులను ఆపుతున్నారన్నది చూపిన కారణాల్లో ఒకటి. ఇచ్చిన హక్కును వాడుకోవడమే రద్దుకు కారణమైతే ఆ హక్కుకు అర్థమేమిటన్న ప్రశ్న బిలాస్‌పూర్ హైకోర్టు గడప ఎక్కింది.

న్యాయస్థానాల్లో మొక్కల ప్రస్తావన రాకపోలేదు. బిలాస్‌పూర్ న్యాయవాది సుదీప్ శ్రీవాస్తవ వేసిన కేసులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2014 మార్చిలో పర్సా ఈస్ట్–కేతే బాసన్ అటవీ అనుమతిని పక్కన పెట్టింది. అక్కడి జీవజాలం, వృక్షజాలం గురించి అడగవలసిన ప్రశ్నలు అడిగి మళ్లీ పరిశీలించమంది. సుప్రీంకోర్టు తర్వాతి నెలలోనే తవ్వకం కొనసాగడానికి వీలిచ్చింది. 2021లో భారత వన్యప్రాణి సంస్థ అప్పటికే తవ్వుతున్న భాగం మినహా మిగతా హస్‌దేవ్‌ను వదిలేయమంది. రాష్ట్రంలో ఏనుగులు 300 లోపే ఉన్నా, వాటితో ఘర్షణలో ఏటా 60 మందికి పైగా చనిపోతున్నారని గుర్తుచేసింది. అటవీ పరిశోధనా మండలి మాత్రం కట్టుదిట్టమైన షరతులతో నాలుగు బ్లాకులను పరిశీలించవచ్చంది. 2022 జులై 26న రాష్ట్ర అసెంబ్లీ హస్‌దేవ్ బొగ్గు బ్లాకులన్నీ రద్దు చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. 2023 డిసెంబరులో పోలీసు పహరా మధ్య మళ్లీ గొడ్డళ్లు లేచాయి. ఉద్యమ నాయకుడు ఆలోక్ శుక్లాకు 2024లో గోల్డ్‌మన్ పర్యావరణ పురస్కారం వచ్చింది. గ్రామాల్లో అనిశ్చితి అలాగే ఉంది.

కాపాడే అడవిలోనూ ఇదే లోపం

ఇదంతా బొగ్గు వల్లే అనుకుంటే సగమే చూసినట్టు. అచానక్‌మార్‌లో గని లేదు. అక్కడ 2009–10లో ఆరు గ్రామాలను అడవి నుంచి బయటకు తరలించారు. మిగిలిన గ్రామాల మీద ఆ ఒత్తిడి అలాగే ఉంది. ఇక్కడ ప్రధానంగా నివసించేది బైగాలు. చెట్టు, వేరు, ఆకు గురించి వాళ్లకున్న పరిజ్ఞానం ఎంతదంటే చుట్టుపక్కల తెగలు కూడా వైద్యానికి వాళ్లనే ఆశ్రయిస్తాయి. పులుల అభయారణ్యం నడిబొడ్డున వాణిజ్యానికి తునికాకు కోయకూడదు, కంచె బయట ఇచ్చిన ఇంటి చుట్టూ అడవి ఉండదు. పరిహారం రూపాయల్లో అందుతుంది. ఏ నెలలో ఏం తినాలో, ఏం అమ్మాలో చెప్పే పంచాంగానికి పరిహారం లేదు.

మన దగ్గర కవ్వాల్, అమ్రాబాద్ అడవుల్లో గోండులు, చెంచులు ఎదుర్కొంటున్నది కూడా ఇదే. గని అధికారి చెట్లను లెక్కిస్తాడు, పులుల అధికారి పులులను లెక్కిస్తాడు. ఈ రెండు లెక్కల నడుమ మనిషికీ మొక్కకూ ఉన్న రోజువారీ సంబంధం జారిపోతోంది.

ఆ సంబంధం అడవికి పనికొచ్చిన సందర్భాలు మాత్రం ఉన్నాయి. 1990ల చివర్లో అప్పటి మధ్యప్రదేశ్‌లో, అచానక్‌మార్ పొరుగునున్న మండ్లా, దిండోరీ అడవులను గుగ్గిలం తొలుచు పురుగు చుట్టుముట్టింది. లక్షల చెట్లు దెబ్బతిన్నాయి. గుగ్గిలం దుంగలు కొట్టి ఎరగా వేస్తే, కారే రసానికి పురుగులు చేరతాయి. వాటిని ఏరి పట్టింది ఊళ్లవాళ్లే. పురుగుకు ఇన్ని పైసలని అటవీ శాఖ కూలి ఇచ్చింది. అడవిలో మనుషులే లేకపోతే ఆ పని ఎవరు చేసేవారు?

కరెంటు మాటేమిటి?

కరెంటు కావాలి, బొగ్గు ఎక్కడి నుంచి తేవాలి అన్న ఎదురు ప్రశ్న న్యాయమైనదే. పర్సా ఈస్ట్ బొగ్గు రాజస్థాన్ ప్రభుత్వ విద్యుత్ కేంద్రాలకు పోతుంది, అక్కడి రైతులకూ కరెంటు అవసరం. తెలుగు రాష్ట్రాలు కూడా ఈ ప్రశ్నకు బయట లేవు. తెలంగాణ ఏర్పడిన తొలి ఏళ్లలో 1,000 మెగావాట్ల కోసం ఛత్తీస్‌గఢ్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ కరెంటు ఇచ్చే మార్వా కేంద్రం బిలాస్‌పూర్ పక్క జిల్లా జాంజ్‌గీర్–చాంపాలో ఉంది. ఆ ఒప్పందంపై 2024లో విచారణ జరిగినప్పుడు ఇక్కడ చర్చంతా యూనిట్ ధర, టెండర్ల చుట్టూ తిరిగింది. బొగ్గు ఏ నేల కింది నుంచి వస్తుందన్నది పెద్దగా వినబడలేదు.

అయితే బొగ్గు అవసరం ఉందని ఒప్పుకోవడం, ఈ అడవిలోనే తవ్వాలని ఒప్పుకోవడం ఒకటి కావు. కోర్బా వద్ద గేవ్రా, కుస్‌ముండా గనులు ప్రపంచంలోని అతి పెద్ద బొగ్గు గనుల్లో ఉన్నాయి. అక్కడ అడవి ఎప్పుడో పోయింది. కొత్తగా ఎక్కడ తవ్వాలన్నది తేల్చేటప్పుడు పోయేదేమిటో నిజాయితీగా లెక్కకట్టాలి. హస్‌దేవ్ నది మీద కట్టిన బాంగో జలాశయం కింద జాంజ్‌గీర్–చాంపా వరి పొలాలున్నాయి. పెండ్రా కొండల్లో పుట్టి బిలాస్‌పూర్ మధ్య నుంచి పారే అర్పా నది వేసవిలో ఇసుక మేటగా మారుతోంది. దాన్ని బతికించాలన్న కేసు కూడా ఇదే హైకోర్టులో నడుస్తోంది. ఎగువన వాన నీటిని పట్టి ఉంచే గుగ్గిలం వేళ్లకు, దిగువన ఊరి బోర్లకు ఉన్న లంకె ఏ గని ఫైలులోనూ ఉండదు.

లెక్క మార్చడం కష్టమేమీ కాదు

అడవిని గనికి ఇవ్వాలా వద్దా అని తేల్చే ముందు ఆ నేల మీద ఏడాదంతా నెలవారీగా ఏమేం దొరుకుతాయో, ఏ ఇంటికి ఎంత అందుతుందో గ్రామసభ సమక్షంలో నమోదు చేయించవచ్చు. మద్దతు ధరల జాబితా ఇప్పటికే చేతిలో ఉంది కాబట్టి దానికి విలువ కట్టడం అసాధ్యం కాదు. అటవీ హక్కుల పరిష్కారం పూర్తయ్యాకే భూ మార్పిడి ఫైలు కదలాలన్న 2009 నాటి కేంద్ర ఆదేశాన్ని మళ్లీ గట్టిగా అమలు చేయవచ్చు. పరిహారపు డబ్బును దూరపు తోటలకు కాకుండా, అక్కడే మిగిలిన గుగ్గిలం అడవిలో సహజంగా మొలిచే పిలకలను కాపాడే గ్రామాలకు ఇవ్వవచ్చు. బతికిన మొక్కల సంఖ్యతో పాటు వాటి జాతుల పేర్లు కూడా పార్లమెంటుకు చెప్పమని అడగవచ్చు.

ఆఖరిది చిన్న మార్పే గానీ చాలా తేడా తెస్తుంది. 40,93,395 మొక్కల్లో గుగ్గిలాలు ఎన్ని, ఇప్పలు ఎన్ని, తునికిలు ఎన్ని అని ఒక్క సభ్యుడు అడిగితే చాలు, 43 అనే అంకె వెనక ఉన్నదేమిటో బయటపడుతుంది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడాన్ని సుప్రీంకోర్టు ఆపినప్పుడు మన దగ్గరా ఇదే తగవు నడిచింది. అక్కడున్నవి పొదలేనా, అడవా అని. ఆ చర్చను ఆసక్తిగా వెంబడించిన తెలుగు పాఠకులకు బిలాస్‌పూర్ లెక్క అర్థం కావడం కష్టం కాదు. మిగిలిన చెట్ల మీద గొడ్డలి పడేలోపు ఈ ప్రశ్నలు అడగడానికి ఇంకా వ్యవధి ఉంది.